వాకాడు హైస్కూలు మైక్రోస్కోపు

మాల్యాద్రి డాక్టరయ్యాడని తెలిసిన రోజు చెంచురామయ్య మేష్టారు అన్నం మానేశాడు. సూదులు వేసే డాక్టరు కాదు, సముద్రపు పిట్టల మీద పరిశోధన చేసి తెచ్చుకున్న డాక్టరేటని తెలిశాక కాస్త మజ్జిగన్నం తిన్నాడు.

నెల్లూరు కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆ తర్వాత మాల్యాద్రి ఎనిమిదేళ్లు, చేపలు పట్టే పల్లెకార్ల పడవలెక్కి తిరిగి, పిట్టల కాళ్లకు గుర్తుగా రేకు కడియాలు తొడిగాడు. ఆ ఎనిమిదేళ్లూ చెంచురామయ్య వాకాడు హైస్కూల్లో సైన్సు చెప్పాడు. చెప్పడమే, చూపించడం లేదు.

"పిట్టలకు కడియాలు చేయించినోడు పెళ్లానికి ముక్కుపుడకన్నా చేయించినాడా?" అన్నాడొకసారి ఇంట్లో.

"మీరు నాకేం చేయించినారు?" అంది భార్య వెంకటశేషమ్మ. ఆ తర్వాత కడియాల మాట ఆయన బడిలోనే అన్నాడు గానీ ఇంట్లో ఎత్తలేదు.

1966లో మాల్యాద్రి జిల్లా మేష్టర్లకు సైన్సు చేసి చూపించే శిక్షణ మొదలుపెట్టాడు. గూడూరులో ఒక శిక్షకుడు కావాలి. సొంత గది, తలుపు మీద పేరు బోర్డు. బోర్డు మీద డిగ్రీలన్నీ పడతాయో లేదోనని చెంచురామయ్య కాగితం మీద రాసి చూసుకున్నాడు కూడా. తీరా ఆ ఉద్యోగానికి ఆయన పాఠం చూసి మంచి చెడ్డలు చెప్పేది మాల్యాద్రేనట. ఒళ్లు మండింది.

పాఠం చెప్పాల్సిన రోజు వాకాడు బడిలో ఇరవైమంది మేష్టర్లూ, ఇన్‌స్పెక్టరు రమణయ్యగారూ కూర్చున్నారు. పల్లెకారు పేరమ్మ, గూళ్ల దగ్గర పిట్టలు జారవిడిచిన చేపలు తెచ్చింది.

"పొలుసు మీద గీతల్ని బట్టి చేప వయసు చెప్పొచ్చు. చెంచురామయ్య చూపిస్తాడు" అన్నాడు మాల్యాద్రి.

బీరువాలోంచి మైక్రోస్కోపు వచ్చింది. పిల్లలు పగలగొడతారని తొమ్మిదేళ్లుగా దాన్నెవరూ వాడలేదు. ఏటా ఆయుధపూజకు మాత్రం చెంచురామయ్య తలస్నానం చేసి, దానికి గంధం పూసి కుంకుమ పెట్టేవాడు. దాని నుదురెక్కడో తెలియక, గుండ్రంగా అద్దంలా మెరిసిన చోట పెట్టేవాడు.

ఇప్పుడు కన్నానించి చూస్తే లోకమంతా ఎర్రగా ఉంది.

"నాలుగేళ్లు" అన్నాడు గంభీరంగా.

"ఏందయ్యా, ఏలెడు లేని చేపకు నాలుగేళ్లా? నా మనవరాలికన్నా పెద్దదా ఇది?" అని పేరమ్మ పకపకా నవ్వింది.

ఇన్‌స్పెక్టరు "ఏదీ, నన్ను చూడనీ" అంటూ లేచాడు.

మాల్యాద్రి ముందే వెళ్లి కన్నానించాడు. జేబురుమాలు తీసి అద్దం తుడిచాడు. "పొలుసు మార్చినానండీ. ఇది ఏడాదిదే" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు చూసి మురిసిపోయాడు. గూడూరు ఉద్యోగం చెంచురామయ్యకే అన్నారు.

అందరూ వెళ్లాక చెంచురామయ్య పళ్లు బిగించి అడిగాడు: "కుంకుమ సంగతి వాళ్లకెందుకు రా చెప్పలేదు?"

"జిల్లాలో ప్రతి బడిలో ఇట్లా మూసిపెట్టిన బీరువా ఒకటి ఉంది రా చెంచూ. అవి తెరిపించాలంటే, కుంకుమ ఎక్కడ పెడతారో తెలిసినోడే కావాలి."

ఇంటికొచ్చి, దాచుకోలేక, జరిగిందంతా భార్యకు చెప్పాడు.

"ఎంత మంచాయన!" అంది వెంకటశేషమ్మ.

ఉద్యోగం వచ్చిన సంతోషం అక్కడితో సరి. మాల్యాద్రి చదువులో ముందుపోయాడంటే ఎలాగో ఓర్చుకున్నాడు. మంచితనంలో కూడా వాడే ఫస్టొస్తే ఇక మనిషి బతికేదెట్లా అని, చెంచురామయ్య గూడూరు వెళ్లే బస్సెక్కేదాకా కుమిలిపోతూనే ఉన్నాడు.