తువాల కింద గోళీ

తాండూరులో కందుల వ్యాపారి రెండు సంగతులు బయటపెట్టడు: ఇంట్లో బంగారం ఎక్కడుందో, పక్క దుకాణంవాడు ఎంత ధర చెప్పాడో. మా రాధాకిషన్ బావ మూడోది కూడా కలిపాడు. ఒక డాక్టర్ ఇచ్చిన గోళీ సంగతి ఇంకో డాక్టర్‌కు చెప్పడు.

ఆయన మా సత్యమ్మక్క భర్త, పాతకాలపు బేరగాడు. మార్కెట్ యార్డులో ధరలు కంప్యూటర్‌లో పడుతున్నా ఆయన భుజం మీది తువాల దిగదు. వెనకట బేరమంతా ఆ గుడ్డ కిందే. కొనేవాడు, అమ్మేవాడు తువాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలే కనబడేవి. వ్యాపారి మొహం చూసి ధర కనిపెట్టినవాడు ఇంకా పుట్టలేదు.

నిరుడు వికారాబాద్‌లో నవనీత డాక్టరమ్మ బావ రక్తంలో కొవ్వు ఎక్కువైందని రోజూ ఒక గోళీ వేసుకొమ్మంది. ఆ గోళీతో ఏ ఇబ్బందీ రాలేదు. ఈ చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుంది, తగ్గింది కూడా. "ఎట్ల తగ్గింది బావా?" అంటే "దానంతటదే" అన్నాడు.

తర్వాత తొడలు, పిక్కలు నొప్పి మొదలైంది. బస్తాల మధ్య చిరుతలా తిరిగే మనిషి కుర్చీలోంచి లేవలేకపోయాడు. మూత్రం డికాషన్ రంగులో వచ్చేసరికి అక్క ఏడుపందుకుంది. కారులో వేసుకొని వికారాబాద్ ఆస్పత్రికి పోయాం.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ మొహం మారింది. "కండరాలు కరిగి కిడ్నీలకు అడ్డం పడుతున్నయి. కొవ్వు గోళీ ఆపుతున్న. కానీ నేనిచ్చిన ఆ కొంచెం మందుకే ఇంత కావద్దు. ఇంకేం వేసుకుంటున్నరో చెప్పండి. లేకుంటే కిడ్నీలు చేతులెత్తేస్తయి."

"ఏం లేదు మేడం," అన్నాడు బావ. గొంతులో ఒక్క రాయి లేదు, జల్లెడ పట్టిన పప్పే.

"దగ్గు మందు? నొప్పుల మందు?"

"ఏం లేదు."

"చెప్పరాదయ్యా! కిడ్నీలు పోయినంక దాచుకొని ఏం జేస్తవు?" అక్క తల కొట్టుకుంది.

డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి పోగానే బావ నా చెవిలో అన్నాడు: "శివశంకర్, ఇంకో దుకాణం మెట్లెక్కినమని తెలిస్తె ఈమె అలగదా? రేటు పెంచదా?"

మనిషి పోయేటట్టున్నాడు, పోటీ ధర మాత్రం బయటికి పోనివ్వడు. ఇలాంటివాడికి నీతులు చెప్పి లాభం లేదు. ఆయనకు తెలిసిన భాషలోనే దిగాలి. దిండు పక్కనున్న తువాల తీసి ఆయన చేతి మీద పరిచి, కింద నా చెయ్యి పెట్టాను.

బావ కళ్లలో వెలుగొచ్చింది.

"తాండూర్ల ఇంకెవరి దగ్గరన్న బేరమైందా?" అన్నాను.

అవునన్నట్టు నా చూపుడువేలు నొక్కాడు. మొహం మాత్రం రైలు కోసం చూసే ప్రయాణికుడిది.

"సరుకు నీ దగ్గరుందా?"

రెండో చెయ్యి బనీను జేబులోకి పోయింది. తువాల కింద నా అరచేతిలోకి ఒక గోళీల అట్ట జారింది. సగం ఖాళీ. అంటే దగ్గు తగ్గినా ఆపలేదు, ఆస్పత్రి మంచం మీద మింగడానికి కూడా వెంట తెచ్చుకున్నాడు. అక్క దాన్ని లాక్కొని పోయి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

అట్ట చూసి డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. "ఇది దగ్గుకిచ్చే యాంటీబయాటిక్. మంచిదే. కానీ నేనిచ్చిన గోళీని కాలేయం విరగ్గొట్టి బయటికి పంపాలె. ఇది ఆ పనిని ఆపేస్తది. రోజూ వేసుకున్నది వేసుకున్నట్టే లోపల పేరుకున్నది. ఇదిచ్చిన డాక్టర్ వేరే మందులేమన్న ఉన్నయా అని అడగలేదా?"

"అడిగిండు," అన్నాడు బావ, గెలిచినవాడిలా. "నేను చెప్పలే."

ఆయనకు అర్థమయ్యే లెక్కలో నేను చెప్పాను. "హమాలీలు పని బందు పెట్టిన్రు. లారీలు వస్తనే ఉన్నయి. ఏమైతది?"

"రోడ్డు జామైతది."

"ఆ రోడ్డు నీ కిడ్నీలకు పోయేదే, బావా."

మొదటిసారి ఆయన మొహంలో అసలు ధర కనబడింది.

రెండు గోళీలూ ఆగాయి, సెలైన్లు ఎక్కాయి, మెల్లగా మూత్రం రంగు తేరింది. కిడ్నీలు నిలబడ్డాయి. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ మళ్లీ అడిగింది: "ఇంకేమన్న ఉందా? తిండి గిట్ల?"

బావ చెయ్యి మెల్లగా తువాల కోసం వెతికింది. అక్క అంతకుముందే దాన్ని లాక్కొని చంకలో పెట్టుకుంది.

"పంపరపనస రసం మేడం. రోజూ పొద్దుగాల పెద్ద గ్లాసెడు. బషీరాబాద్ దోస్తు తోటల కాయలు, ఉత్తగ వస్తయని."

"అయ్యో, అది కూడా ఆ కొవ్వు గోళీని బయటికి పోనియ్యదు!"

"పండు మందెట్లయితది?" అని బావ గొణిగాడు. ఉత్తగా వచ్చింది ఏ ఖాతాలో పడదని ఆయన నమ్మకం. అక్కవైపు మాత్రం యార్డు మధ్యలో ధర అరిచిన దళారిని చూసినట్టు చూశాడు.

ఇప్పుడు దుకాణం ముందు కూర్చొని వచ్చినోళ్లందరికీ చెబుతున్నాడు: "వికారాబాద్ డాక్టరమ్మ గట్టి మనిషే. అయినా బేరం జేసి రెండు కిడ్నీలూ ఎన్కకు తెచ్చుకున్న."

తువాల ఇంకా అక్క దగ్గరే ఉంది. దాని బేరం మాత్రం కుదరడం లేదు.