నీళ్ల మీద పక్క

శారమ్మ నడుముకు బెండు కట్టుకుని, పోచంపాడ్ జలాశయం అంచున గుండెలోతు నీళ్లలో వణుకుతోంది. పక్కనే బాలన్న. మీసాలు మొలవకముందు నుంచీ చేపలు పట్టే మనిషి. తొమ్మిది రోజులుగా ఆమెకు తేలడం నేర్పుతున్నాడు, ఆమె తొమ్మిది రోజులుగా మునుగుతోంది.

సాయంత్రం బస్సుకు హైదరాబాదు, అక్కడి నుంచి విమానంలో మాల్దీవులు. ఒక దీవి హోటల్లో దుప్పట్లు ఉతికే పని. పందొమ్మిదేళ్లుగా ఇక్కడి గెస్ట్‌హౌస్‌లో చేస్తున్నదీ అదే. పాస్‌పోర్టు జిరాక్సులు రెండు సంచుల్లో వేరువేరుగా పెట్టుకుంది. బీపీ గోళీలు, నిజామాబాద్ డాక్టరు రాసిన చీటీ, దోమల మందు, ఓఆర్ఎస్ పొట్లాలు అన్నీ సర్దింది. భయాన్నే ఎక్కడ సర్దాలో తెలియలేదు. విమానం దిగాక గంటసేపు సముద్రంలో పడవ మీద పోవాలట. ఇవాళ తేలకపోతే టికెట్ చించేస్తానని ఒట్టు పెట్టుకుంది. మొండిఘటం, అన్నంత పనీ చేస్తుంది.

వెల్లకిలా వాలగానే పిడికిళ్లు బిగించి నీళ్లను మెలిపెట్టింది. బెండు ఉన్నా ముఖం బుడుంగున మునిగింది. బాలన్న జబ్బ పట్టి లేపాడు.

“అక్కా, దుప్పటి పిండినట్టు పిండుతున్నవేంది? నీళ్లు పిండేటియి గావు, పండుకునేటియి.”

“పండుకునుడు నాకేడ ఎరుక తమ్మీ? పక్కలు ఏసుడే గాని.”

అన్నాక తనకే నవ్వొచ్చింది. ఎన్ని వేల దుప్పట్లు ఉతికి పరిచిందో, ఒక్కదాని మీదా నడుము వాల్చలేదు. ఆ నవ్వులోనే చేతులు వదులయ్యాయి. బెండు విప్పనా అని బాలన్న అడిగితే తలూపింది. అతడు విప్పాక మళ్లీ వెల్లకిలా వాలింది.

నీళ్లు ఆమెను ఎత్తుకున్నాయి. చెవులు మునిగాయి, చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. పైన అంత ఆకాశం, కింద అన్ని నీళ్లు, నడుమ నలభై ఆరేళ్ల శారమ్మ! పుట్టి బుద్ధెరిగాక తనను మోసినవాళ్లు లేరు.

“ప్రభువా, ఇంత మెత్తగుంటదా!”

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తేలింది.

“తేలుడొచ్చిందని పడవల ఇచ్చే లైఫ్ జాకెట్ ఇడువకు. పడవెక్కంగనే తొడుక్కో. సముద్రం గీ నీళ్లోలె ఉండది,” అన్నాడు బాలన్న.

“తొడుక్కుంట తీ. నువ్వు జెప్తె ఇననా?”

సాయంత్రం బస్సొచ్చింది. కిటికీలోంచి “పోయొస్త తమ్మీ” అంది. అతడు చెయ్యెత్తేలోపే బస్సు మలుపు తిరిగింది.

బాలన్న వలలు తీసుకోవడానికి గట్టుకు వచ్చాడు. గెస్ట్‌హౌస్ దుప్పట్లు ఆమె రోజూ ఉతికే బండ మీద సగం అరిగిన సబ్బుబిళ్ల, దాని మీద ఆమె బొటనవేలు నొక్కిన గుంటలో ఇంకా ఆరని కాసిని నీళ్లు.