వేళ్లవైపు నుంచి

గుహలో మిగతా బొమ్మలన్నిటినీ బూజు తినేసినా ఆ ఒక్క చేతి గుర్తు మాత్రం నిలిచిందని ఫోన్ వచ్చినప్పుడు, నేను మా కొత్త కిటికీకి తెర కడుతున్నాను. స్టూలు మీంచి దూకి మా ఆయన మెడకి వేలాడాను. పెళ్లై ఇంకా నెల కాలేదు, అలాంటివి చెల్లుతాయి.

ఆయన నవ్వలేదు. రేపు సాయంత్రం గుహ తలుపు మూసేస్తారట, మళ్లీ తెరవరట. మనుషుల ఊపిరికే బూజు పెరుగుతోందట. ఇక లోకానికి మిగిలేది ఈయనా, మేస్త్రీ కలిసి షెడ్డులో కడుతున్న నకలు గుహే.

అందులో అన్నీ కుదిరాయి, చెయ్యి తప్ప. వేల ఏళ్ల కిందట ఎవరో రాతికి అరచెయ్యి ఆనిస్తే చుట్టూ ఎర్రరంగు నోటితో ఊదారు. చెయ్యి తీసేశాక దాని ఖాళీ మిగిలింది. అసలుదానిలో రంగు వేళ్లవైపు నుంచి మణికట్టుకి చిమ్మినట్టుంటుంది. ఈయన తన చేతి మీద తనే ఊదుకుంటే ఎప్పుడూ మణికట్టు నుంచి వేళ్లవైపుకే. గీకి, పూత పూసి, మళ్లీ ఊది, పెదవులు పగిలాయి. బ్రష్షుతో దిద్దేయమన్నాడట మేస్త్రి, చూసేవాళ్లకేం తెలుస్తుందని.

"ఆ మాటే నన్ను చంపేస్తోంది," అన్నారు గోడకి చేరగిలబడి. "ఎల్లుండి నుంచి నేనేం చేస్తే అదే నిజం. తప్పని చెప్పేవాళ్లు కూడా ఉండరు."

టీ చల్లారిపోయింది. అన్నం వద్దన్నారు. ఏడుపొచ్చి, ఊరికే ఉండలేక, గిన్నెలో రంగు కలిపి ఆయన చెయ్యి వంటింటి గోడకి ఆనించాను. వేళ్లకి అవతల నిలబడి బుగ్గలు నింపి ఊదాను. సగం ఆయన చొక్కా మీదే పడింది.

"ఇంటివాళ్లు చూస్తే మన సామాను వీధిలో ఉంటుందే," అంటూ చెయ్యి తీసి, గోడని చూసి ఆగిపోయారు. రంగు మణికట్టు వైపుకే చిమ్మింది.

అంటే ఆనాడూ ఊదింది వేరే మనిషి. నేను గంతులెయ్యబోయాను గానీ ఆయన మొహం మళ్లీ వాడిపోయింది. అసలుదానిలో మణికట్టు దగ్గర రంగంటని చోటొకటుందట. ఫొటోల్లో అది బూజో కాదో తేలలేదట.

"అక్కడెవరైనా పట్టుకున్నారేమో," అన్నారు. "తన చెయ్యి తను నిలబెట్టుకోలేని మనిషేమో."

గుహ తాళం ఉండేది మేస్త్రి దగ్గరే, అతనికి ఫోన్ చేశారు. ఇంకొకరి ఊపిరి కూడానా అని మేస్త్రి విసుక్కున్నట్టున్నాడు. మా ఆయన ఒకర్ని బతిమాలడం నేను వినడం అదే మొదటిసారి.

"లోపల నోరు విప్పమండీ. రేపు పొద్దున్నే ఇద్దరం వస్తాం. వేళ్లవైపు నుంచి మా ఆవిడ దీపం పట్టుకుంటుంది, నేను ఆ మణికట్టు చూస్తాను."