కొర్నేలి పేరు మీద సీటు

సీటు నా భర్త కొర్నేలి పేరు మీద ఉంది. జనవరిలో ఆయనే బుక్ చేశారు. మే నెలలో ఒక ఉదయం పులుల అడవిలో సఫారీ, నాలుగు సీట్లు: ఆయనకి, నాకు, ఆయన తమ్ముడు హార్వేకి, హార్వే భార్య లిల్లీకి. మార్చి పదకొండున ఆయన గుండె ఆగిపోయింది. సఫారీ టికెట్టు మీద పేరు మార్చరు. ఆ పేరున్న మనిషి గుర్తింపు కార్డు చూపిస్తేనే గేటు దాటనిస్తారు.

నేను వెళ్ళనన్నాను.

"అన్నయ్య ఎంత ఇష్టపడి బుక్ చేశాడో నీకు తెల్దేటి వదినా? ఆయన సీటు ఖాళీగానే ఉంచుదాం. మనం ముగ్గురం వెళ్దాం," అన్నాడు హార్వే.

ఆ ఖాళీ సీటు కోసమే ఒప్పుకున్నాను.

సఫారీకి ముందు రోజు మధ్యాహ్నం హార్వే కారు భిలాయి ఖుర్సీపార్‌లో మా ఇంటి ముందు ఆగింది. ముందు సీట్లో ఉదయ్‌కుమార్ గారు కూర్చుని ఉన్నారు. స్టీల్ ప్లాంట్‌లో హార్వేకి పై అధికారి. "సాబ్‌కి అక్కడ వేరే జీపు దొరుకుతాది," అన్నాడు హార్వే. నమ్మాను.

మర్నాడు పొద్దున గేటు దగ్గర గార్డు బడిలో హాజరు పిలిచినట్టు పేర్లు చదివాడు. డోర్కాస్ అనగానే చెయ్యెత్తాను. తర్వాత హార్వే, లిల్లీ. ఆ తర్వాత, "కొర్నేలి."

"హాఁ జీ," అన్నారు నా పక్కన వచ్చి కూర్చున్న ఉదయ్‌కుమార్.

ఆయన చేతిలో నా భర్త ఆధార్ కార్డు ఉంది. మరణ ధ్రువీకరణ పత్రానికి కావాలని ఏప్రిల్‌లో హార్వే నా దగ్గర తీసుకున్న కార్డు. గార్డు దాన్ని ఒక్క చూపు చూసి తిరిగి ఇచ్చేశాడు.

ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి హాజరు వేస్తున్నాను. స్నేహితుడి బదులు పలికిన పిల్లవాణ్ణి నేను ఏనాడూ ఊరికే వదల్లేదు. ఆ గేటు దగ్గర మాత్రం నోరు తెరవలేదు. వెనక జీపులు హారన్లు కొడుతున్నాయి. లిల్లీ నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, ఇప్పుడొద్దు," అంది. జీపు కదిలింది.

"ఏటనుకోకు వదినా," హార్వే వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు. "సీటు ఊరికే పోతాది కదా. సాబ్‌కి పులిని చూడాలని ఎప్పట్నుంచో."

నేను చెట్లకేసి చూస్తూ కూర్చున్నాను.

ప్లాంట్‌లో మీటరు దగ్గరికి స్వయంగా వెళ్ళి చూడకుండా రీడింగు రాసే మనిషి కాదు కొర్నేలి. అడవిలోనూ అంతే. పదకొండేళ్ళుగా ఈ అడవికి వచ్చారు. పులిని నాలుగుసార్లు చూశారు. ఆయన ఎదురుచూసింది మాత్రం గుంపుగా వేటాడే అడవికుక్కలు, రేచుకుక్కల కోసం. ఎప్పుడొచ్చినా అవి అప్పుడే దాటి వెళ్ళి ఉండేవి. నోటుబుక్కులో "అడుగులు మాత్రమే" అని రాసుకునేవారు. ఒకసారి పొదల వెనక ఈలలాంటి వాటి కూత వినబడింది. చూసినట్టే రాసుకోండి, ఎవరడుగుతారు అన్నాను. "వినబడితే వినబడిందని రాస్తాను," అన్నారు.

ఆ రోజు మా గైడు పక్క ఊరి మనిషి, గౌరీదేవి. వాగు మలుపులో ఆమె చెయ్యెత్తి జీపు ఆపించింది. "సోన్‌కుత్తే," అంది మెల్లగా. రేచుకుక్కలు.

వాగు ఇసుకలో ఏడు. ఇటుకరంగు ఒళ్ళు, నల్లటి కుచ్చుతోకలు. రెండు మెడలోతు నీళ్ళలో పడుకుని ఉన్నాయి. ఒకటి మా వైపు నాలుగడుగులు వచ్చి, మాలో చూడ్డానికేమీ లేదన్నట్టు కూర్చుని చెవి గోక్కుంది. నేను చెబుదామని పక్కకి తిరిగాను. అక్కడ ఉదయ్‌కుమార్ ఉన్నారు.

"ఇవేనా? మా సెక్టర్ 7లో ఇంతకంటే బలిసిన కుక్కలున్నాయి," అన్నారు ఆయన.

"బిస్కెట్ వేద్దామా సాబ్?" అని హార్వే నవ్వాడు.

ఫోటోకి తలెత్తుతాయని ఉదయ్‌కుమార్ జీపు తలుపు మీద అరచేత్తో దబదబా కొట్టారు. "మత్ కరో సాహబ్!" అని గౌరీదేవి వద్దనేలోపే ఏడూ లేచి వెదురులోకి వెళ్ళిపోయాయి. రెండు నిమిషాలైనా కాలేదు.

మేం గేటు దగ్గరికి తిరిగి వచ్చాక గౌరీదేవి ఒక రిజిస్టరు తెచ్చింది. ఏం చూశారు, ఎన్ని, ఎక్కడ, చూసినవారి పేరు, సంతకం. జీపుకి ఒకరు నింపితే చాలు. ఉదయ్‌కుమార్ పెన్ను అందుకుని చకచకా రాశారు. ఆయన భుజం మీదుగా చదివాను. పులి 1. రేచుకుక్కలు 7. చూసినవారు: కొర్నేలి. పక్కన నా భర్త పేరుతో సంతకం.

"పులిని ఎక్కడ చూశాం?" అని అడిగాను.

"అరే టీచర్‌జీ, ఇంత దూరం వచ్చి పులి లేకుండా ఎలా?"

"ఉండనీ వదినా," అన్నాడు హార్వే. "అన్నయ్య పేరు మీద ఒక పులి. పైనుంచి చూసి సంతోషిస్తాడు."

"మీ అన్నయ్య నాలుగు పులుల్ని చూశారు హార్వే. ఐదోది నువ్వు ఇవ్వక్కర్లేదు."

రిజిస్టరు తీసుకుని అటవీశాఖ అధికారి కూర్చున్న కిటికీ దగ్గరికి వెళ్ళాను. "ఈ సంతకం చేసిన మనిషి కొర్నేలి కాదు. కొర్నేలి నా భర్త. మార్చిలో చనిపోయారు. పులిని మేమెవరమూ చూడలేదు," అన్నాను.

ఆయన రిజిస్టరు చూశాడు, నన్ను చూశాడు. "మీరూ అదే జీపులో ఉన్నారు కదా. పొద్దున ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పులో నేనూ ఉన్నాను. గైడుకి మాత్రం ఏమీ తెలీదు, అది రాసుకోండి."

"అయితే మీ నలుగురికీ ఇక ప్రవేశం ఉండదు. మీతో సహా."

"రాసుకోండి."

హార్వే పరుగున వచ్చాడు. "పిచ్చెక్కిందేటి వదినా? సోమవారం డ్యూటీకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి నేను? నువ్వు మాత్రం ఏటి బావుకున్నావ్? ఇంకెప్పుడూ ఈ అడవి గుమ్మం తొక్కలేవు."

"తొక్కలేను," అన్నాను. "చచ్చిపోయిన మనిషి చేత హాజరు పలికించావు. అది చాలక అబద్ధం రాయించావు. మీ అన్నయ్య బతికుంటే నిన్ను కొట్టేవారు కాదు. నీతో మాట్లాడ్డం మానేసేవారు. ఇవాళ్టినుంచి నేనూ అంతే."

అధికారి ఆ వరుసని ఎర్ర సిరాతో కొట్టేసి, కింద సరైనది రాయమని పెన్ను నాకిచ్చాడు. రేచుకుక్కలు ఏడు అని రాసి నా పేరు రాశాను. ఉదయ్‌కుమార్ కార్డుని బల్ల మీదికి విసిరి కారు వైపు నడిచారు. నేను దాన్ని పర్సులో పెట్టుకుని, భిలాయి వెళ్ళే బస్సు ఎన్నింటికని గౌరీదేవిని అడిగాను.