గుంటలో కుక్కిన కాగితం

టేపుల మెకానిక్ అంటే ఆ వీధిలో ఇంకా ఒక్కడే మిగిలాడు. కొట్టునిండా పాత రేడియోలు, మీటలు ఊడిన టైప్‌రైటర్లు. "ఇవన్నీ పాత ఇనుముకి వేసేయరాదూ?" అని పెళ్ళాం రోజూ సతాయిస్తుంది. "నన్నూ కలిపి వెయ్యి" అంటాడాయన. నోరు మొండిదే గానీ చేతిపని బంగారం.

ఆ చేతికో అలవాటుంది. ఏ టేప్‌రికార్డరు బాగుచేసినా చివర్లో రికార్డు మీట నొక్కి, "హలో హలో, ఒకటి, రెండు, మూడు" అని చెప్పి, వెనక్కి తిప్పి వింటేనే పని అయినట్టు. దానికో పాత క్యాసెట్టు ఉండేది. పోయిన వారం అది కాస్తా నలిగి చచ్చింది. అందుకని ఈ పొద్దున బెల్టు మార్చిన రికార్డరుని, అందులో ఉన్న క్యాసెట్టుతోనే పరీక్షించబోయాడు. మీట దిగలేదు. చూస్తే క్యాసెట్టు వెనక, మూలనుండే చిన్న పలక విరిచేసి, అక్కడ గుంట పడి ఉంది. నలభై ఏళ్ళ చెయ్యి కదా, బుర్రనడక్కుండానే కాగితం ముక్క మడిచి ఆ గుంటలో కుక్కేసింది. మీట దిగింది, ఎప్పట్లాగే పరీక్షా అయిపోయింది.

మధ్యాహ్నం ఆ రికార్డరు తాలూకు మనిషి వచ్చింది. పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ.

"అయిందా బాబాయ్?"

"కొత్తదానిలా తిరుగుతోందమ్మా."

"హమ్మయ్య! అందులో మా అమ్మ గొంతుంది. మొదట్లోనే, ఒక్క మాట. 'చిట్టీ, ఏమైనా తిన్నావా' అని. తర్వాతంతా నా పిచ్చి పాటలే. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు బాబాయ్. పొరపాటున ఎవరైనా చెరిపేస్తారని నాన్న ఆ మూల విరిచేశాడు. ఇవాళ ఫోనులోకి ఎక్కించుకుంటాను."

ఆయనకు పొద్దున కుక్కిన కాగితం ముక్క గుర్తొచ్చింది. ఎంతసేపు మాట్లాడాను? పది సెకన్లా? పదిహేనా? ఓరి నా చేతులు విరిగిపోనూ!

"రేపు రామ్మా. ఇంకాస్త నూనె వెయ్యాలి."

"ఇప్పుడేగా కొత్తదానిలా ఉందన్నావు?"

పాత టేపు, అరిగిపోయింది అంటే చాలు, నమ్మేస్తుంది. ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ అప్పటికే ఫోను తీసి, రికార్డరు పక్కన జాగ్రత్తగా ఆనించి పెడుతోంది. ఆ జాగ్రత్త చూసి ఆయనకు ఏడుపొచ్చింది.

"తల్లీ, ఒక ఘోరం చేశాను" అని జరిగిందంతా చెప్పేశాడు. కాగితం ముక్క సంగతి కూడా.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండు. "పెట్టు" అంది.

టేపు తిరిగింది. కాసేపు బుస్సుమంది. "హలో హలో" అని ఆయన గొంతే ఊరందర్నీ పిలిచినట్టు మోగింది. "ఒకటి, రెండు, మూడు." జన్మలో తన గొంతంటే ఆయనకంత అసహ్యం వెయ్యలేదు. టక్కుమని చప్పుడు. ఆ వెనకే, ఎక్కడో వంటింట్లోంచి అన్నట్టు ఒక ఆడగొంతు:

"...తిన్నావా?"

అంతే. చిట్టీ అన్న పిలుపు పోయింది. చిన్నపిల్ల పాట మొదలైంది.

"తిన్నానమ్మా" అంది ఆవిడ, రికార్డరు వైపే చూస్తూ. కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ పెట్టు బాబాయ్. ఫోను నొక్కడం మర్చిపోయాను."

ఆయన టేపు వెనక్కి తిప్పాడు. గుంటలోంచి కాగితం పీకేశాడు. పీకాక కూడా రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. మీటలన్నీ పక్కపక్కనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని నొక్కే మీటలు. ఇప్పుడు వేలు ఒక్కదాని మీదా ఆనడం లేదు.

"నువ్వే నొక్కు తల్లీ" అని చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.