ఊబి దగ్గర వంపు

మా ఆయన బూట్లకు అంటిన మట్టిని చూసి ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పేస్తాను. పన్నెండేళ్లుగా తుడుస్తున్నాను మరి. తెల్లదుమ్ము అయితే బండి బాట. ఎర్రమట్టి అయితే లోయలో సత్రం. నల్లబురద ఒక్కచోటే ఉంటుంది, కొండ మీద ఊబి నేలలో.

ఆయన బూట్ల మీంచి నల్లబురద నేనెప్పుడూ తుడవలేదు. నా బూట్ల మీంచి మాత్రం వారానికి రెండుసార్లు తుడుచుకున్నాను.

ఓట్మార్ మంచి డాక్టరు. జర్మనీలోని ఈ రోన్ కొండల్లో ఎంత మంచు కురుస్తున్నా, కబురొస్తే బండి కట్టిస్తారు. ‘ఊపిరితిత్తులకు నడకే మందు’ అని ఊరూరా ఉపన్యాసాలిచ్చి కొండదారుల సంఘం పెట్టారు. అయితే ఆయన బండి వెళ్లని చోటు ఒకటుంది. ఊబి అవతలి అంచున పదకొండు ఇళ్ల పల్లె. అక్కడికి మందులు మోసేది నేను. “గుర్రానికైతే దాణా పెట్టాలి. కోడలికి కాళ్లున్నాయిగా” అనేవారు మా అత్తగారు. నవ్వుతూనే అనేవారు.

మోస్తూ మోస్తూ దారులు తెలుసుకున్నాను. ఆ పల్లెలో అపొలోనియా అవ్వ కాలి పుండు కడుగుతుంటే, నొప్పి మరిచిపోవడానికి ఆవిడ దారిలోని ఒక్కో రాయి కథా చెప్పేది. ఇంటికొచ్చి, బంగాళాదుంపలు ఉడికేలోపు రాసిపెట్టేదాన్ని. దారులన్నీ పెన్సిలుతో గీసేదాన్ని. ఆ కాగితాలే కొండదారుల మీద ఆయన పుస్తకమయ్యాయి. ‘నా పరిశోధనలో తేలింది’ అని పేజీ పేజీకీ ఉంది. ఆయన దొంగిలించారని అనను. అడిగారు, ఇచ్చాను. మొదటి ఉపన్యాసంలో ‘మేము నడిచిన దారి’ అన్నారు, మూడో దానికల్లా ‘నేను నడిచిన దారి’ అయింది. చివరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. కొన్నాళ్లకు, ఆయనే నడిచారేమో, నేను కలగన్నానేమో అని నాకే అనిపించేది. మనిషి తన కాళ్లనే నమ్మలేని స్థితికి రావడానికి కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. చప్పట్లు కొట్టే అలవాటు చాలు.

జూన్ నెల, ఆదివారం. చర్చి ముందు అరవై మంది. ఊబి మీదుగా సంఘం వాళ్ల మొదటి నడక. ముందు వరసలో జెండాలు పట్టుకుని బడిపిల్లలు. మగవాళ్లూ పిల్లలూ ఊబి దాటి లోయ సత్రానికి దిగుతారు. ఆడవాళ్లం సూపు డేగిసాతో బండిలో చుట్టూ తిరిగి అక్కడికే చేరాలి. అచ్చయిన పుస్తకాలు అప్పుడే వచ్చాయి. తలా ఒకటి పంచారు. గరిటె చంకలో పెట్టుకుని నేనూ ఒకటి తెరిచాను.

ఊబి పటం ఉన్న పేజీ దగ్గర ఆగిపోయాను.

నేను గీసిన గీత ఊబి అంచు వెంట కొడవలిలా వంగి ఉండాలి. పుస్తకంలో అది తిన్నగా ఉంది. ఊబి నడిబొడ్డున.

“ఏమండీ, ఇక్కడ వంపు ఏదీ?”

“అదా? వంకరగా చూడ్డానికి బాగోలేదని స్కేలు పెట్టి సరిచేశాను.”

“పోయినేడాది పోస్టాయన గుర్రం మునిగింది అక్కడే!”

“ఈ ఎండలకు గట్టిపడి ఉంటుందిలే బుర్గీ. నువ్వెళ్లి సూపు సంగతి చూడు.”

సంఘం అధ్యక్షుడు ట్రౌగాట్ మాస్టారు ఇటు తిరిగారు. “ఏంటి డాక్టరమ్మా, డాక్టరు గారికే దారి చెప్తున్నారా?”

ఓట్మార్ నవ్వారు. “మా ఆవిడకు వంటింటి నుంచి గుమ్మం దాకా దిక్కులన్నీ కంఠతా మాస్టారూ!”

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నా పెదాలు కూడా కదలబోయాయి. అప్పుడు చూశాను, ముందు వరసలో జెండా ఊపుతున్న ఆరేళ్ల పిల్లని.

“మాస్టారూ, ఈ దారిన డాక్టరు గారు ఎన్నిసార్లు నడిచారో ఆయన్నే అడగండి.”

ఓట్మార్ చెవులు ఎర్రబడ్డాయి.

చెప్పులు కుట్టే కిలియన్ నోట్లోంచి పైపు తీశాడు. “నన్నడగండి, నే చెప్తా. అమ్మగారి బూట్ల అడుగున ఏడాదికి నాలుగుసార్లు మేకులు మారుస్తాను. డాక్టరు గారి బూట్లూ నేను కుట్టినవే. ఆరేళ్లయింది, అవి మళ్లీ నా కొట్టు ముఖం చూడలేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఓట్మార్ నా వైపు చూశారు. ఆయన రోగం పేరు చెప్పబోయే ముందు రోగులు ఆయన్ని చూసే చూపు అది. పన్నెండేళ్ల మాటలు నా నాలుక చివర ఉన్నాయి. మింగేశాను. పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు.

ఏప్రన్ విప్పాను. గరిటె మాస్టారి చేతిలో పెట్టాను.

“బండి వెంట మీరు వెళ్లండి. లోయ బాట తిన్నగానే ఉంటుంది.”

తర్వాత ఓట్మార్‌తో అన్నాను. “మీరు నా వెనకే రండి. నేను అడుగేసిన చోటే అడుగెయ్యండి.”

అందరినీ వెంటబెట్టుకుని నడిచి, వంపు దగ్గర ఆగాను. పుస్తకంలో దారి ఉన్న చోట, పచ్చటి నాచు మీద నా చేతికర్ర గుచ్చాను. అది ఆగలేదు. పిడి దాకా దిగిపోయింది. నా వెనక ఎవరో పెన్సిలు అడిగారు. ఆ పెన్సిలు చేయీ చేయీ మారింది. ఒక్కో పుస్తకంలో వంపు తిరిగొచ్చింది. ఓట్మార్ కూడా గీశారు.

సాయంత్రం ఇంటికొచ్చి ఓట్మార్ బూట్లు గుమ్మం దగ్గర విప్పారు. ఎప్పటిలాగే లోపలికి వెళ్లిపోబోయారు.

ఆయన బూట్లకు చీలమండ దాకా నల్లబురద. మొదటిసారి.

నేను స్టూలు మీద కూర్చుని నా బూట్లు శుభ్రంగా తుడుచుకున్నాను. తర్వాత బ్రష్ ఆయన బూట్ల మీద పెట్టి లేచాను.