పైపైన ఊపిరి

తనకు ఏ జబ్బూ లేదని తేలిపోతుందేమోనని ఆదిశేషమ్మ వాకాడు నుంచి నెల్లూరు దాకా బస్సులో భయపడుతూనే ఉంది. ఉందని తేలితే మందు మింగొచ్చు. లేదని తేలితే తమ జాలరిపేటలో తలెత్తుకునేదెట్లా?

కూతురు రోజారమణికి చెన్నైలో నర్సు ఉద్యోగం వచ్చినప్పటి నుంచే ఈ ఆయాసం ముదిరింది. వంట చేస్తున్నా, చేపలు ఆరబెడుతున్నా, ఊరకే కూర్చున్నా గాలి చాలదు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆసుపత్రిలో గుండె చూసినారు, ఎక్స్‌రే తీసినారు, గొట్టంలో ఊదించినారు. అన్నీ బాగున్నాయన్నారు. పక్కింటి గురవమ్మ వీధిలో నిలబడి నలుగురూ వినేటట్టు అననే అనింది: "కూతురు బస్సెక్కుతుందంటే మా వదినకు ఊపిరి నిలిచిపోతా ఉంది. ఉద్యోగం మానేస్తానని చెప్పమను, లేచి పరిగెత్తుతుంది చూడు!"

రోజా నిజంగానే మానేసేటట్టుంది. "నీకేందో తేలేదాకా నేను పోను మా" అని పట్టుబట్టి కూర్చుంది. సోమవారం చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది. అందుకే ఊపిరి తీరు చూసే ఫిజియో దగ్గరికి డాక్టరు పంపితే, పోయిన వారం ఆదిశేషమ్మ ఒక్కతే వచ్చింది, ఇవాళ రోజా కూడా వెంట వచ్చింది.

ఫిజియో పేరు షమా, చిన్న వయసు పిల్ల. పోయినసారి ముందు ఒక కాగితం చూసి ప్రశ్నలడిగింది. తర్వాత వెనక కూర్చుని, రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించి, ఊపిరి కిందికి పోతుందా, మెడ దగ్గరే ఆగిపోతుందా అని చూసి బొమ్మ గీసుకుంది. ఇవాళా అవే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నిండా ఊపిరి తీసుకోలేకపోతున్నారా?"

"అవును తల్లీ. ఎప్పుడూ అంతే."

"ఛాతీ బిగబట్టినట్టు ఉంటుందా?"

"ఉంటుంది."

షమా రాయడం ఆపి, పాత కాగితం తీసి చూసింది. "పెద్దమ్మా, పోయిన వారం వీటన్నిటికీ లేదు, లేదు అనే చెప్పినారే?"

"మా! డాక్టర్ల దగ్గర కూడా అబద్ధాలేంది?" అనింది రోజా.

ఆదిశేషమ్మ షమా చేతిలోని పెన్ను వైపే చూసింది. ఇంక ఈ పిల్ల నాటకం అని రాసేస్తుంది.

షమా ఏమీ రాయలేదు. మళ్ళీ వెనక కూర్చుని చేతులు పెట్టి చూసింది, బొమ్మ గీసి దాన్ని బోర్లించి పెట్టింది. పక్క గదిలోంచి రెబెక్కమ్మను పిలిచింది. ఆమె కూడా ఫిజియోనే, వయసులో పెద్దది. "నేను గీసింది చూడొద్దు మేడం. మీ చేతికి ఏం తెలిస్తే అది గీయండి."

రెబెక్కమ్మ చేతులు చల్లగా తగిలాయి. "పొద్దున ఏం తినొచ్చినావక్కా?"

"చద్దన్నం, నెత్తళ్ళ చేపల పులుసు."

"అదీ సంగతి! ఇక్కడ నాకు నోరూరుతా ఉంది. నవ్వొద్దు, నవ్వితే లెక్క తప్పుతుంది. మామూలుగా పీల్చు."

గీయడం అయ్యాక షమా మూడు బొమ్మలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మూడింటిలోనూ గీతలు భుజాల వైపుకే ఉన్నాయి. పొట్ట వైపు కదలిక లేనే లేదు.

"ఇద్దరం విడివిడిగా చూసినా ఒకటే వచ్చింది. పోయిన వారం, ఇవాళ కూడా ఒకటే. మాటలే మారినాయి. ఏం మారింది పెద్దమ్మా, ఈ వారంలో?"

ఆదిశేషమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"పోయిన వారం మా ఆయన సముద్రం మీద చేపల వేటలో ఉన్నాడు. ఇవాళ ఇంట్లో వల బాగుచేసుకుంటా ఉన్నాడు."

"అయితే?"

"మగమనిషి నీళ్ళ మీద ఉంటే, ఊపిరాడలేదనే మాట ఇంటి ఆడది అనగూడదు. ఆ మాట పోయి ఆయన్ని పట్టుకుంటుంది. నువ్వేమో తల్లీ, అన్నీ ఆ మాటలే అడిగితివి."

రెబెక్కమ్మ నవ్వాపుకుంది. షమా మాత్రం పాత జవాబుల మీద అడ్డంగా గీత కొట్టేసింది. "మీ ఊళ్ళవాళ్ళను ముందు, మీ ఆయన ఎక్కడున్నాడని అడగాల. నాకు తెలియలేదు."

"అయితే నాది నాటకం కాదా?"

"నాటకమాడేవాళ్ళు లేని జబ్బు ఉందని చెప్తారు. మీరు ఉన్నదాన్ని లేదన్నారు. మీ ఒళ్ళు ఉందనింది. ఊపిరితిత్తులు బాగున్నాయి. పీల్చే తీరు చెడింది, అంతే. ఎందుకు చెడిందో నేను చెప్పలేను. సరిచేసుకునేది నేర్పిస్తాను. నెలలు పట్టొచ్చు. మధ్యలో మళ్ళీ మళ్ళీ కొలిచి చూద్దాం."

ఆమెను గోడకు ఆనించకుండా కూర్చోబెట్టి, పక్కటెముకల మీద చేతులు పెట్టింది. "నా చేతుల్ని పక్కకు నెట్టండి. భుజాలు లేపొద్దు."

రెండు మూడుసార్లు కుదరలేదు. తర్వాత కొంచెం కదిలింది. ఒంటిలో ఎప్పుడూ తెరవని గది తలుపు తీసినట్టు అనిపించి ఆదిశేషమ్మకు భయమేసింది, హాయిగానూ ఉంది.

"విన్నావు గదా" అనింది కూతురితో. "ఉండాదంట. చచ్చేది మాత్రం కాదంట. గురవమ్మతో నేను మాట్లాడుకుంటా. నువ్వు సోమవారానికి చేరు."

రోజా షమా ముఖం వైపు చూసింది. షమా తలూపింది.

"సరే మా" అనింది రోజా. "ఆదివారం పోతా."

ఆదిశేషమ్మ భుజాలు ఒక్కసారిగా చెవుల దాకా లేచాయి. షమా చేతులు తియ్యలేదు.

"కిందికి పెద్దమ్మా" అనింది మెల్లగా. "ఇంకా కిందికి."